ఫిర్యాదు కోసం చదివిన పుస్తకం

ఫోన్ మోగేసరికి వెర్నా టాలివర్ స్కూలు వంటగదిలో బీన్స్ కుండ ముందు నిలబడి ఉంది. పిల్లల భోజనం వేళ దగ్గర పడుతోంది. ఒక చేత్తో గరిటె తిప్పుతూనే రెండో చేత్తో ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీసింది.

"కోల్బీ గారున్నారాండి?" అని అడిగింది అవతల ఓ ఆడపిల్ల గొంతు.

వెర్నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవరమ్మా నువ్వు?"

"లైబ్రరీ నుంచండి. ఆయన తీసుకెళ్ళిన పుస్తకం ఒకటి గడువు దాటి చాలా కాలమైంది. వేరేవాళ్ళు దానికోసం అడుగుతున్నారు. ఎప్పుడు తెచ్చిస్తారో కనుక్కుందామని చేశానండి."

"వాడు తేలేడు," అంది వెర్నా. ఫోన్ పెట్టేసింది.

కోల్బీ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఆ వేసవిలో నది ఒడ్డున జరిగే పాటల పండగకు స్నేహితులతో వెళ్ళాడు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందని చెప్పి ఎవరో అమ్మిన చిన్న కాగితం ముక్కను నాలుక మీద పెట్టుకున్నాడు. అది ఎల్‌ఎస్‌డీ కాదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ లాభం లేకపోయింది. కాలిఫోర్నియా ఉత్తరాన, పియర్ తోటల మధ్య ఉన్న ఆల్డర్‌ఫోర్డ్ చిన్న ఊరు. చుట్టూ కొండల్లో గంజాయి పండిస్తారు, మత్తెక్కించే పుట్టగొడుగులు తిన్న కథలు ముసలివాళ్ళు కూడా నవ్వుతూ చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో కూడా ఆ అంత్యక్రియల రోజు ఎవరూ తలెత్తి మాట్లాడలేకపోయారు.

ఆ సాయంత్రం వెర్నా కొడుకు గది తలుపు తీసింది. టైర్ల షాపులో వాడు వేసుకునే నూనె మరకల చొక్కాల కింద దొరికిందా పుస్తకం. 'మనసును కదిపే అణువులు' అని పేరు. అట్ట మీద ఒక కాక్టస్ ముళ్ళ మొక్క, ఒక పుట్టగొడుగు. లోపల పేజీ పేజీకీ తేనెపట్టు గదుల్లాంటి ఆరు మూలల బొమ్మలు, వాటికి అతికించినట్టు గీతలు, అక్షరాలు. వెనక అట్ట మీద గడ్డం పెంచుకున్న మనిషి ఫొటో. పేరు ఎమరీ లిండ్‌క్విస్ట్. రసాయనశాస్త్రం ప్రొఫెసర్ అట, ఉద్యోగం మానేశాక ఈ జిల్లా కొండల్లోనే మేకల్ని పెంచుకుంటూ ఉంటున్నాడట.

వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ కాగితం ముక్క అమ్మినవాడి మీద కోపం. వాడెవరో తెలీదు, వాడి మొహం తెలీదు. ఇప్పుడు కోపానికి ఒక మొహం దొరికింది, దానికి గడ్డం కూడా ఉంది.

మర్నాడు పని అవగానే ఆ పుస్తకం చంకలో పెట్టుకుని లైబ్రరీకి వెళ్ళింది. లైబ్రరీ పెద్ద ఒడెట్ మెరివెదర్ ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచి వచ్చింది.

"వెర్నా గారూ, నన్ను క్షమించండి. ఆ ఫోన్ చేసింది కొత్తమ్మాయి. నేను చూసుంటే చెయ్యనిచ్చేదాన్ని కాదు."

"ఫోన్ సంగతి వదిలెయ్. ఇలాంటివి ఎందుకు పెడతారు ఇక్కడ? మత్తుమందులు ఎలా చెయ్యాలో నేర్పే పుస్తకం లైబ్రరీలో ఉంటుందా ఎక్కడైనా?"

"చెయ్యడం నేర్పదండీ అది. అందులో తయారీలేం లేవు. ఏ మొక్కలో ఏముంటుంది, ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుంది అని వివరించే పాఠ్యపుస్తకం. నర్సులు తీసుకెళ్తారు, మానసిక వైద్యం చదివేవాళ్ళు తీసుకెళ్తారు." ఒడెట్ కాస్త తటపటాయించింది. "కోల్బీ కూడా..."

"వాడి పేరెత్తకు."

వెర్నా పుస్తకాన్ని బల్ల మీద పడేసింది.

"దీన్ని ఇక్కణ్ణుంచి తీయించాలంటే ఏం చెయ్యాలి?"

"ఫిర్యాదు ఇవ్వచ్చు. లైబ్రరీ బోర్డు వింటుంది. కాకపోతే ఒక నియమం ఉంది. ఫిర్యాదు ఇచ్చేవాళ్ళు ఆ పుస్తకం మొత్తం చదివుండాలి."

"మొత్తమా?"

"మొత్తమండి. కొన్ని పేజీలు తిరగేసి, అట్ట చూసి ఫిర్యాదు ఇవ్వడానికి కుదరదు."

వెర్నా పుస్తకాన్ని మళ్ళీ చంకలో పెట్టుకుని వచ్చేసింది.

ఆ రాత్రి భోజనానికి చెల్లెలు మాక్సీన్ వచ్చింది. విషయం విని ఫోర్కు పళ్ళెంలో పెట్టేసింది.

"నువ్వు చదవడమేంటక్కా? కొత్త వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు దాంతో వచ్చిన పుస్తకం కూడా నాచేతే చదివించావు."

"నవ్వకు."

"నవ్వట్లేదు. నిజంగానే అడుగుతున్నా. నీకు ఇందులో ఒక్క ముక్కైనా అర్థమైందా?"

"పేరు అర్థమైంది," అంది వెర్నా. అని ఏడ్చేసింది. మాక్సీన్ లేచి వచ్చి అక్క తలను పొట్టకు ఆనించుకుని చాలాసేపు నిలబడింది.

కొన్ని వారాలు వెర్నా ఒంటరిగా కుస్తీ పట్టింది. మొదటి అధ్యాయం దాటడమే గగనమైంది. హైస్కూల్లో రసాయనశాస్త్రం ఆమె తప్పించుకు తిరిగిన సబ్జెక్టు. నైట్రోజన్ అంటే గాలిలో ఉండేదని తెలుసు, అది ముళ్ళ మొక్కలో ఏం చేస్తోందో తెలీదు. కోపంతో మొదలుపెట్టిన ప్రతి పేజీ నిద్రతో ముగిసేది. చివరికి ఒక శనివారం పొద్దున పికప్ ట్రక్కు తీసుకుని, మలుపుల రోడ్డెక్కి, ఫొటోలో ఉన్న గడ్డం మనిషిని వెతుక్కుంటూ వెళ్ళింది. అతన్ని చెడామడా తిట్టి రావాలని వెళ్ళిందే తప్ప, ఇంకో ఆలోచన ఆమె మనసులో లేదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మేకల వాసనే దారి చూపింది. ఫొటోలో ఉన్న మనిషి ఇప్పుడు బాగా ముసలివాడైపోయాడు. గడ్డం మొత్తం తెల్లబడింది. దడి దగ్గర నిలబడి బకెట్లోంచి మేకలకు దాణా వేస్తున్నాడు. చేతులు వణుకుతుంటే సగం దాణా కిందే పడుతోంది.

"ఎమరీ లిండ్‌క్విస్ట్ మీరేనా?"

"నేనే. పాల కోసమా?"

"నా కొడుకు కోసం," అంది వెర్నా. దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. ఆమె అరిచింది. మీ పుస్తకం చదివే నా కొడుకు ఎల్‌ఎస్‌డీ అనుకుని ఏదో నాలుక మీద పెట్టుకుని పోయాడంది. మీరిక్కడ మేకలు కాచుకుంటూ హాయిగా ఉన్నారంది. మీకు పిల్లలుంటే తెలిసేదంది. అరుపులకు మేకలు బెదిరి దడి అవతలి మూలకు పోయాయి. ముసలాయన బకెట్ కింద పెట్టి, వణికే చేతుల్ని ఒకదాంతో ఒకటి పట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "అతను తీసుకున్నది ఏంటో పరీక్షలో తేలిందా?" అని అడిగాడు మెల్లగా.

వెర్నా పర్సులోంచి ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం తీసిచ్చింది. అంకెలు, అక్షరాలు కలిసిన ఒక పొడుగాటి పేరు. ఎన్నిసార్లు చూసినా దాన్ని పైకి చదవడం ఆమెకు చేతకాలేదు. ఎమరీ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదివి, దాణా బస్తా మీద కూలబడ్డాడు.

"ఇది నా పుస్తకంలో లేదు," అన్నాడు.

"అంటే మీ తప్పేం లేదంటారా?"

"అలా అనట్లేదు. నేను పుస్తకం రాసినప్పుడు ఇది లోకంలోనే లేదు. తర్వాత ఎక్కడో ప్రయోగశాలలో పుట్టింది, ఇంకెవడో దాన్ని బజారుకెక్కించాడు. మీ అబ్బాయి నా పుస్తకంలో వెతికినా దొరికుండేది కాదు. ఎల్‌ఎస్‌డీ గురించి రాసింది చదివి, చేతిలో ఉన్నది అదే అనుకునుంటాడు."

వెర్నా కాగితాన్ని మళ్ళీ పర్సులో పెట్టుకుంది. తిట్లు అయిపోయాయి. అయినా ట్రక్కు వైపు తిరగలేదు.

"నేను దీన్ని లైబ్రరీలోంచి తీయించెయ్యబోతున్నా," అంది.

"ఊఁ."

"దానికి మొత్తం చదవాలట. నాకు అర్థం కావట్లేదు."

ఎమరీ తలెత్తి చూశాడు. ఆమె వెక్కిరిస్తోందేమో అనుకున్నాడు. ఆ మొహంలో అలాంటిదేం కనబడలేదు.

"నేర్పమంటారా?"

"మీ పుస్తకం తీసెయ్యమని చెప్పడానికి మీరే నేర్పుతారా?"

"అర్థం చేసుకుని తీయించండి. అర్థం కాకుండా తీయిస్తే నాకు ఎక్కువ బాధ," అన్నాడు ముసలాయన. "శనివారాలు వీలవుతుందా?"

అలా మొదలైంది. వానలు పడే ఆ చలికాలమంతా శనివారం పొద్దుటే వెర్నా కొండెక్కేది. మొదటి వారం ఆమె కోటు తియ్యకుండానే కూర్చుంది, ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. రెండో వారం కాఫీ తాగింది. తర్వాత తనే డిష్‌లో ట్యూనా చేప, నూడుల్స్ కలిపి బేక్ చేసుకుని తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆ ముసలాయన ఫ్రిజ్‌లో మేక చీజ్, ఆవాల సాస్ తప్ప ఇంకేం ఉండేవి కావు. ఇలా తిని ఇన్నేళ్ళెలా బతికారని కసిరేది. ఓ రోజు మేక ఒకటి ఆమె మఫ్లర్ సగం నమిలేసింది. ఆ ఇంట్లో వెర్నా మొదటిసారి నవ్వింది అప్పుడే. నవ్వినందుకు వెంటనే తన మీద తనకే కోపమొచ్చింది. ఆ రోజంతా మొహం ముడుచుకునే కూర్చుంది.

ఎమరీ దగ్గర బిస్కెట్ల డబ్బా నిండా రంగు రంగుల చెక్క బంతులు, పుల్లలు ఉండేవి. నల్లవి కార్బన్, ఎర్రవి ఆక్సిజన్, నీలం నైట్రోజన్. పుస్తకంలో బొమ్మ చూసి దాన్ని బంతులతో కట్టమనేవాడు. తన చేతులు వణుకుతాయి కాబట్టి తను కట్టలేడు, నోటితో చెప్పేవాడు. ఆమె కట్టేది.

"అది కాదు వెర్నా, ఆ నల్లదానికి నాలుగు చేతులే ఉంటాయి. నువ్వు అయిదోది తగిలించావు."

కొన్నాళ్ళకు 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఎవరూ గమనించలేదు. ఆమె మాత్రం 'ప్రొఫెసర్ గారూ' అనే పిలిచేది. మొదట్లో అది ఎత్తిపొడుపు, తర్వాత అలవాటు.

"నాలుగే ఎందుకుండాలి ప్రొఫెసర్ గారూ? నాకు రెండు చేతులే ఉన్నా స్కూల్లో ఎనిమిది చేతుల పని చేయిస్తున్నారుగా?"

"కార్బన్ నీ అంత కష్టజీవి కాదు."

మెల్లగా పుస్తకం మాట్లాడడం మొదలుపెట్టింది. ఆరు మూలల గూడుకు అయిదు మూలల గూడు ఒకటి అతుక్కుని ఉంటే అదొక వంశం. పుట్టగొడుగుల్లో ఉండేదీ, ఎల్‌ఎస్‌డీ కూడా ఆ వంశానివే. మన మెదడు తనంతట తను తయారుచేసుకునే ఒక పదార్థం కూడా ఆ వంశందే. అందుకే ఆ అణువులు మెదడు తలుపులకు తాళంచెవుల్లా సరిపోతాయి. ఒకే గూడు, దానికొక పొట్టి తోక ఉంటే అది ఇంకో వంశం. అట్ట మీది ముళ్ళ మొక్కలో ఉండేది అదే. ఎడారి జనం ఎన్ని తరాలుగానో దాన్ని ప్రార్థనల్లో తింటారట. ఆ భాగాన్ని వెర్నా రెండుసార్లు చదివింది. ఎడారి మొక్క సంగతి ఎలా ఉన్నా, పుట్టగొడుగులు ఆమె పుట్టినప్పటినుంచీ చుట్టూ ఉన్నవే. వాటిలో ఏముందో, అది ఎందుకు అలా చేస్తుందో ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవర్నీ అడగనూ లేదు.

పుస్తకం సగం దాటాక ఒక శనివారం ఆమె తనే అడిగింది.

"కోల్బీ తీసుకున్నది ఎలా కట్టాలో చెప్పండి."

"పుస్తకంలో లేనిది కదా. నీకు అవసరం లేదు."

"నాకు అవసరమే."

ఎమరీ బంతుల డబ్బాను ఆమె ముందుకు తోశాడు. తర్వాత ముళ్ళ మొక్క అణువును కట్టమన్నాడు. ఆమె కట్టింది. గూటి చుట్టూ ఉన్న బంతుల్ని ఒకటి రెండు చోట్ల మార్పించాడు. "ఇప్పుడు ఇంకో గూడు చెయ్యి," అన్నాడు. చేసింది. "దాన్ని తోక చివర తగిలించు."

వెర్నా తగిలించింది. బల్ల మీద పెట్టి చూసింది. ఇందాకటి బొమ్మే. తోక చివర ఇంకో గూడు వేలాడుతోంది, అంతే.

"ఇంతేనా?"

"ఇంతే. ఆ చివరి గూటి వల్ల అది చాలా గట్టిగా పట్టుకుంటుంది. కొన్ని ఉప్పు రవ్వలంత చాలు. కొంచెం అటూ ఇటూ అయితే గుండెను, రక్తనాళాల్ని కూడా నలిపేస్తుంది. ఫర్వాలేదనేదానికీ, ప్రమాదానికీ మధ్యలో జాగాయే లేదు."

"నాలుక మీద పెట్టుకుంటే తేడా తెలీదా?"

"కొందరు చేదంటారు. దాన్ని నమ్ముకోకూడదు. నాలుక ప్రయోగశాల కాదు వెర్నా. పరీక్ష చేసి చూస్తే తప్ప నేనైనా చెప్పలేను."

ఆమె ఆ బొమ్మను రెండు చేతుల్లోకి తీసుకుంది. అరచేతిలో ఇమిడిపోయింది. ఇంత చిన్నదా అనుకుంది. వాడు ఆరడుగుల మనిషి, టైర్లు ఒంటి చేత్తో ఎత్తేవాడు.

"వాడికి బాధ తెలిసిందంటారా?"

ఎమరీ అబద్ధం చెప్పాలా అని ఆలోచించాడు. "నాకు తెలీదు," అన్నాడు చివరికి. "నాకు అణువు గురించే తెలుసు. అంతకు మించి చెప్తే మోసం చేసినట్టవుతుంది."

ఆమె ఏడవలేదు. ఆ బొమ్మను ఒక్కొక్క పుల్లే లాగి, ఒక్కొక్క బంతినీ డబ్బాలో వేసింది. ఆమె వెళ్ళేటప్పుడు ముసలాయన వానలో ట్రక్కు దాకా వచ్చి నిలబడ్డాడు.

ఆ సోమవారం వెర్నా లైబ్రరీకి వెళ్ళింది. ఒడెట్ బల్ల ముందు నిలబడి, "ఆ రోజు కోల్బీ గురించి ఏదో చెప్పబోయావు," అంది.

ఒడెట్ ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"టైర్ల షాపు మూసేశాక వచ్చేవాడు. చేతులు బాగా కడుక్కుని గానీ పుస్తకం ముట్టేవాడు కాదు. కిటికీ పక్కన కూర్చుని ఆ బొమ్మలు చూసి గీసుకునేవాడు. పక్క ఊరి కాలేజీలో కెమిస్ట్రీ క్లాసుకు పేరిచ్చాడు, సెప్టెంబర్లో మొదలవ్వాల్సింది. మీకు తెలీదా?"

వెర్నా తల అడ్డంగా ఊపింది.

"మీకు చెప్పొద్దన్నాడు. హైస్కూలు మధ్యలో వదిలేసినప్పుడు మీరు చాలా బాధపడ్డారట. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ వదిలేస్తే అమ్మ తట్టుకోలేదు, మొదటి పరీక్ష పాసయ్యాక చెప్తానన్నాడు."

ఇన్ని నెలలుగా వెర్నా మనసులో కొడుకు మీద ఒక కసి ఉండేది. పోయినవాడి మీద కసేంటని తిట్టుకున్నా పోలేదది. సోమరిగా, తెలివితక్కువగా, మత్తు కోసం ప్రాణం పారేసుకున్నాడని. ఆ మధ్యాహ్నం లైబ్రరీ లోపలి గదిలో ఆ కసి ఆమెను వదిలింది. అది వదిలాక మిగిలింది మామూలు దుఃఖం. అదే ఎక్కువ బరువనిపించింది. ఒడెట్ టిష్యూల డబ్బా ముందుకు తోసి, తలుపు దగ్గరగా వేసి, బయటికి వెళ్ళిపోయింది.

వసంతంలో పియర్ చెట్లు పూసే వేళకు పుస్తకం పూర్తయింది. వెర్నా ఫిర్యాదు ఇచ్చింది. ఈలోగా ఆ సంగతి ఊరంతా పాకింది. హార్డ్‌వేర్ షాపు గార్లండ్ ప్రూయిట్ ఆమె తరఫున జనాన్ని కూడగట్టాడు. మంచివాడే, కోల్బీ శవపేటిక మోసిన వాళ్ళలో ఒకడు. బోర్డు సమావేశానికి ఇరవై ముప్ఫై మందిని వెంటబెట్టుకొచ్చాడు. ఎమరీ కూడా వచ్చి వెనక వరసలో, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

బోర్డు పెద్ద అడిగింది, "పుస్తకం మొత్తం చదివారా?"

"చదివాను. కొన్ని అధ్యాయాలు రెండేసి సార్లు," అంది వెర్నా. "ఇందులో ఒక లోపముంది. నా కొడుకును చంపింది ఇందులో లేదు. ఇది రాశాక అలాంటివి ఎన్నో వచ్చాయి. అవీ ఇందులో లేవు. మీ అలమారాలో వీటి గురించి కొత్త పుస్తకం ఒక్కటి కూడా లేదు. నేను వెతికాను. అదీ నా ఫిర్యాదు."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. గార్లండ్ లేచి నిలబడ్డాడు.

"ఆగాగు వెర్నా. దీన్ని తీసెయ్యాలా, వద్దా? అది చెప్పు."

"వద్దు."

"ఏంటీ? నీకోసమే కదా ఇంతమందిమి పని మానుకుని వచ్చాం!"

"తెలుసు గార్లండ్. నీకు రుణపడి ఉంటాను. కానీ నేను వంటమనిషిని. సీసా మీద పేరు లేకపోతే లోపల ఉన్నది పంచదారో ఎలకల మందో నాకెలా తెలుస్తుంది? ఈయన కొన్ని సీసాల మీద పేర్లు రాశాడు. మిగతా వాటి మీద రాసేవాళ్ళు లేకుండాపోయారు. మనం రాసినవి కూడా చెరిపేద్దామా?"

"నీ కొడుకు చదివాడు. ఏమైంది?"

ఆ మాట అన్నాక గార్లండ్‌కే మొహం ఎర్రబడింది. వెర్నా బల్ల అంచు పట్టుకుంది.

"సగమే చదవగలిగాడు," అంది. "మిగతా సగం ఎవరూ రాయలేదు."

బోర్డు ఓటు వేసింది, ఒక్క ఓటు తేడాతో పుస్తకం నిలిచింది. గార్లండ్ ఆ తర్వాత చాలా కాలం ఆమెతో మాట్లాడలేదు. మేకులు కావాల్సొచ్చినా ఆమె పక్క ఊరికే వెళ్ళేది. అందుకు ఆమెకు కష్టంగానే ఉండేది. పాతికేళ్ళ స్నేహం మరి.

కొత్త పుస్తకం రాద్దామన్న మాట ముందు ఎవరు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు. పెద్ద గ్రంథం కాదు, కాలేజీ మొహం చూడనివాళ్ళు కూడా చదవగలిగే చిన్న పుస్తకం. ఎమరీ చెప్పేవాడు, వెర్నా మాక్సీన్ ఇచ్చిన పాత కంప్యూటర్ మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది. మాటకు మాట తగువే.

"ప్రొఫెసర్ గారూ, ఈ వాక్యం మొదలైనప్పుడు పొద్దున్న, అయ్యేసరికి సాయంత్రం అయింది. నరికేస్తున్నా."

"నరికితే అర్థం మారిపోతుంది."

"ఇప్పుడసలు అర్థమే లేదు. మారితే నష్టమేంటి?"

ఆయన గొణిగేవాడు, ఆమె నరికేసేది. కొన్నిచోట్ల ఆయనే గెలిచేవాడు. 'ఇది సురక్షితం' అని ఆమె రాసిన ప్రతిచోటా 'ఎవరికి, ఎప్పుడు, ఎంత?' అని అడిగి కొట్టేయించేవాడు. ఏ పదార్థం పేరు చెప్పి ఏది అమ్ముతున్నారు, పరీక్ష చేయించుకోవడానికి ఎక్కడికి వెళ్ళాలి, ఎవరైనా కుప్పకూలితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ అందులో పెట్టారు. మొదటి పేజీలో ఎవరికి అంకితమివ్వాలని ఎమరీ అడిగితే, "వాడి పేరు పెట్టకండి. ఇది చదివేవాళ్ళు చావు గురించి ఆలోచిస్తూ మొదలుపెట్టకూడదు," అంది వెర్నా.

ఒడెట్ దాన్ని లైబ్రరీలోనే అచ్చు తీయించి పిన్నులు కొట్టించింది. పాత పుస్తకం పక్కనే పెట్టింది. నర్సులు తీసుకెళ్ళారు, స్కూలు మాస్టర్లు తీసుకెళ్ళారు. ఓ రోజు గార్లండ్ భార్య వచ్చి, అటూ ఇటూ చూసి, ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో దూర్చుకుని వెళ్ళిపోయింది.

తర్వాత శనివారాలు లైబ్రరీ హాల్లో క్లాసు పెట్టారు. మొదట ఎమరీ చెప్పేవాడు, వెర్నా బంతులు కట్టి చూపించేది. ఏడాది తిరిగేసరికి ఆయన కాళ్ళు కూడా వణకడం మొదలైంది. కొండ దిగి రావడం మానేశాడు. "నువ్వే చెప్పు," అన్నాడు.

"నాకు డిగ్రీ లేదు."

"నాకుంది. కానీ కూర్చున్న కుర్చీలోంచి లేవలేను. రెండిట్లో ఏది నయం?"

ఒంటరిగా చెప్పిన మొదటి రోజు వెర్నా గంట ముందే వచ్చి కుర్చీలు వేసింది. వచ్చినవాళ్ళలో పియర్ తోటలో పనిచేసే దంపతులున్నారు, కొడుకుతో గొడవపడి వచ్చిన ఓ తండ్రి ఉన్నాడు, ఆసుపత్రిలో మానసిక వైద్యానికి ఈ మందులే వాడబోతున్నారని విని భయపడ్డ ఒకామె ఉంది. ఆ తండ్రి చెయ్యెత్తి అడిగాడు. "మీరు వీటికి అనుకూలమా, వ్యతిరేకమా?"

"వీటి వల్ల బాగుపడ్డవాళ్ళను చూశాను. వీటి పేరు చెప్పి అమ్మినదాని వల్ల నా కొడుకు పోయాడు," అంది వెర్నా. "రోజుకొక సమాధానం వస్తుంది నాకు. చదివింది మాత్రం చెప్పగలను. కూర్చోండి."

క్లాసు ముగిశాక ఆమె నేరుగా కొండెక్కింది. ఎమరీ దుప్పటి కప్పుకుని కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. ఎవరెవరు వచ్చారు, ఏమేం అడిగారు, తనేం చెప్పింది అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఒకచోట కళ్ళు తెరిచాడు.

"ఆగు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళ గురించి ఆ తోట దంపతులు అడిగితే ఏం చెప్పావు?"

ఆమె మళ్ళీ చెప్పింది.

"తప్పు," అన్నాడు ఎమరీ.

"మొత్తం తప్పా?"

"సగం తప్పు. నువ్వు చెప్పింది వేరే మందుల సంగతి. రెండూ కలిపేశావు." ఆయన ఓపిగ్గా తేడా వివరించాడు. ఆమె నుదురు కొట్టుకుంది.

"అయ్యో దేవుడా. అందరి ముందూ ఎంత ధీమాగా చెప్పానో! ఎవరికైనా ఏమైనా అయితే?"

"నేను మొదటి ఏడాది పాఠం చెప్పేటప్పుడు ఇంతకంటే ఘోరమైనవి చెప్పాను. వచ్చే శనివారం సరిదిద్దుకోవచ్చు."

"వచ్చే శనివారం దాకానా?" అంటూ వెర్నా అప్పటికే ఫోన్ తీసింది. ఒడెట్‌కు చేసి, క్లాసుకు వచ్చినవాళ్ళందరి నంబర్లూ చెప్పమంది. మొదట ఆ తోట దంపతులకు ఫోన్ చేసింది.

"హలో, నేనండీ, లైబ్రరీ వెర్నాని. ఇందాక మీకు ఒక తప్పు చెప్పాను. ఒక్క నిమిషం ఆగండి, సరిగ్గా చెప్తాను. దగ్గర పెన్నుందా?"

ముసలాయన దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఆమె ఈసారి సరిగ్గా చెప్తోందో లేదో చెవులు రిక్కించి వింటున్నాడు.